నీళ్ళ ఆయాసం

మావ పోయాడన్న కబురు నాకు హిందీలో అందింది. మా షాపు వెల్డరు ఫోన్ చేసి, "మావాజీ నహీ రహే," అన్నాడు. అతనిది ఛప్రా వైపు. మావ అంటే తెలుగులో ఒక చుట్టరికమని అతనికి తెలియదు. అది ఆయన పేరే అనుకుని, గౌరవానికి చివర ఒక 'జీ' తగిలించాడు. టాటానగర్ దగ్గర జుగ్సలాయిలో మా షాపు చుట్టుపక్కల చాలామంది అలాగే అనుకునేవారు. గేటు పాసు మీద రాసే పేరు వేరే ఉంది. ఆ పేరుతో పిలిస్తే ఆయన వెంటనే పలికేవాడు కాదు, తన వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసేవాడు. అందుకని ఇక్కడ కూడా మావ అనే రాస్తాను. ఆయన నన్ను అల్లుడూ అనేవాడు. మా మధ్య బంధుత్వం ఏమీ లేదు. ఆయన పెద్దలు భీమిలి వైపు నుంచి వచ్చారు, చర్చికి వెళ్ళే కుటుంబం. మాది టెక్కలి, మా ఇంట్లో దీపారాధన. టాటానగర్ స్టేషన్లో దిగిన తెలుగువాళ్ళకి వరసలు కలుపుకోవడానికి అంతకంటే ఆధారం అక్కర్లేదు.

మా పని కూలర్లు శుభ్రం చేయడం. ఫ్యాక్టరీల్లో యంత్రాల్లో తిరిగే నూనె వేడెక్కిపోతుంది. దాన్ని చల్లార్చడానికి పెద్ద ఇనుప పీపాలాంటిది ఒకటి ఉంటుంది, దాని నిండా సన్నటి గొట్టాలు. గొట్టాల్లోంచి చన్నీళ్ళు పోతుంటే, గొట్టాల చుట్టూ నూనె తిరిగి చల్లబడుతుంది. నీళ్ళతో వచ్చిన మట్టి, సున్నం ఆ గొట్టాల్లో పేరుకుంటే నూనె చల్లబడదు, యంత్రం ఆగుతుంది. కానీ కూలర్ మూత విప్పాలంటే మొత్తం లైను ఆపాలి. ఆపి, విప్పి చూస్తే లోపల శుభ్రంగా ఉందనుకోండి, ఆ ఫ్యాక్టరీవాళ్ళు మమ్మల్ని మళ్ళీ గేటు దాటనివ్వరు. కాబట్టి విప్పకముందే చెప్పాలి, పూడుకుందా లేదా, పూడుకుంటే సుమారు ఎన్ని గొట్టాలు అని. దానికి ఆధారం ఒక్కటే. కూలర్‌లోకి పోయే నీళ్ళకి ఎంత ఒత్తిడి ఉంది, బయటికొచ్చే నీళ్ళకి ఎంత మిగిలింది. ఆ రెండింటి తేడాని పుస్తకాల్లో ప్రెషర్ డ్రాప్ అంటారు. మావ ఆయాసం అనేవాడు.

"నీళ్ళూ మనిసిలాటియే అల్లుడూ. ఇరుకులోంచి దూరి ఎల్తే ఆయాసపడతాయి. ఎంత ఆయాసపడ్డాయో సూత్తే ఎంత ఇరుకో తెలిసిపోతాది."

ఆ ఆయాసాన్ని ఆయన అంతస్తుల్లో కొలిచేవాడు. నీళ్ళు ఒక కూలర్ దాటడానికి ఖర్చుపెట్టిన బలంతో ఎంత ఎత్తుకి ఎక్కగలవో అంత. "ఈ కూలర్ అంతస్తున్నర," అనేవాడు. ఫ్యాక్టరీల్లోనే కాదు. ఆదివారం చర్చి నుంచి తెల్లచొక్కాతో వస్తూ సాక్చీలో టీ దుకాణం కుళాయి ముందు ఆగి, దాని పైపు మీద అరచెయ్యి పెట్టి, "పాపం, దీనికి చాలా ఆయాసంగా ఉన్నాది," అని దుకాణంవాడికి చెప్పి వెళ్ళేవాడు. వాడికి ఏమీ అర్థమయ్యేది కాదు. పెళ్ళి భోజనాల్లో కూడా చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళి తిరిగి రాకపోతే, పైపులు చూస్తున్నాడని మాకు తెలిసేది. గొట్టంలోంచి గీసిన పెచ్చుని వేళ్ళ మధ్య నలిపి, ఇది నది బురద, ఇది బోరు సున్నం అని చెప్పేవాడు. ఒకసారి ఆయన్ని పరీక్షించాలని మా వెల్డరు గోడ సున్నం గీసి తెచ్చి ఇచ్చాడు. మావ దాన్ని నలిపి, వాసన చూసి, "ఇది మీ అత్తారింటిది," అన్నాడు.

ఒత్తిడి చూపించే ఫ్యాక్టరీ గేజీలంటే ఆయనకి నమ్మకం లేదు. కూలర్‌కి ముందొకటి, వెనకొకటి బిగించి ఉన్నా వాటివైపు చూసేవాడు కాదు. ఎర్ర గమ్చా తుండులో చుట్టుకున్న తన సొంత గేజీని తీసి, లోపలికి పోయే పైపుకి బిగించి చూసేవాడు. తరవాత దాన్నే విప్పి, బయటికొచ్చే పైపుకి బిగించి మళ్ళీ చూసేవాడు. చూసే ముందు దాని అద్దం మీద గోటితో మెల్లగా కొట్టేవాడు, ఎవరింటి తలుపో తట్టినట్టు. రెండు గేజీలుంటే ఈ బిగించడం విప్పడం ఉండదు కదా మావా, అని కొత్తలో అడిగాను.

"రెండు గేజీలుంటే రెండు రకాల అబద్దాలు సెప్తాయి. ఒకే గేజీ అయితే ఒకే అబద్దం రెండుపాల్లు సెప్తాది. ఒకదాన్లోంచి ఒకటి తీసీ. అబద్దం పోద్ది, ఆయాసం మిగుల్తాది."

నేను పది తరవాత చదువుకోలేదు. స్టోరులో సామాను రాసుకునే పనికి చేరి, పంపుల కేటలాగుల వెనక పేజీల్లో ఉండే పట్టికలు చూసి లెక్కలు నేర్చుకున్నాను. ఒకటికి రెండుసార్లు చూసుకోకుండా ఏ అంకె మీదా నిలబడను. మావ మాట విన్నాక, తీసివేత ఎందుకు కనిపెట్టారో నాకు మొదటిసారి తెలిసినట్టయింది.

మా షాపులో ఒక అలవాటు ఉంది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. కూలర్ మూత విప్పే ముందు మావ దాని మీద చాక్‌పీసుతో ఒక అంకె వేసేవాడు. లోపల ఎన్ని గొట్టాలు పూడుకున్నాయో ఆయన అంచనా అది. బోల్టులు విప్పేవాళ్ళతో పాటు ఫ్యాక్టరీ సూపర్‌వైజరు, పక్క యంత్రం మీద పనిచేసేవాళ్ళు కూడా వచ్చి నిలబడేవారు. మూత దింపి, అంకె చెరగకుండా పక్కన ఆనించి, అందరూ కలిసి గొట్టాలు లెక్కపెట్టేవారు. అంకె దగ్గరగా ఉంటే ఈల వేసేవారు. దాదాపు ఎప్పుడూ ఈలే.

నేను మొదటిసారి అంకె వేసింది ఒక ఫోర్జింగ్ ఫ్యాక్టరీలో. అక్కడ నూనె కాగిపోతోంది. మావ గేజీ అటూ ఇటూ బిగించి చూసి, "ఒక అంతస్తు. కొత్తలోనూ ఒక అంతస్తే. లోపల శుభ్రంగా ఉన్నాది, ఇప్పొద్దు," అన్నాడు. నేను ఈలోగా గోడ వెనక్కి వెళ్ళి వచ్చాను. అక్కడ కొత్తగా ఒక కొలిమి పెట్టి, మా కూలర్‌కి వచ్చే నీళ్ళలో సగం దానికి మళ్ళించారు. మావని పక్కకి పిలిచి మెల్లగా చెప్పాను.

"మావా, కూలర్‌కి సగం నీళ్ళే వస్తున్నాయి."

"సగమైతే ఏటి? పది మంది ఎక్కినా, అయిదుగురు ఎక్కినా మెట్లు అయ్యే కదా. మెట్లు మారతాయేటి?"

"ఇవి మెట్లు కావు మావా. సినిమా హాలు గుమ్మం. సగం మందే ఉంటే తోపులాట సగానికి తగ్గదు, పావుకి తగ్గుతుంది. మరి ఇక్కడ ఏమీ తగ్గలేదంటే? నీళ్ళు సగమయ్యాయి, గొట్టాలూ సగమయ్యాయి. అందుకే ఆయాసం మారలేదు."

అన్నేళ్ళుగా అంతస్తుల్లో కొలిచిన మనిషికి తప్ప ఇంకెవరికీ ఆ పొరపాటు వచ్చేది కాదు. మావ చాక్‌పీసు తీసుకున్నాడు. వెళ్ళి మూత మీద తన అంకె వేశాడు, నాలుగు. తరవాత చాక్‌పీసు నా చేతిలో పెట్టి, "రాయి," అన్నాడు. నేను 'సగం' అని రాశాను.

"చాచా, దో నంబర్ క్యోం?" అన్నాడు సూపర్‌వైజరు, మూత మీద రెండు అంచనాలేమిటని.

"ఏక్ మేరా, ఏక్ దామాద్ కా," అన్నాడు మావ నవ్వుతూ, ఒకటి తనది, ఇంకొకటి అల్లుడిది అని.

నూనె ఎలాగూ కాగుతోంది కాబట్టి సూపర్‌వైజరు లైను ఆపించాడు. మూత దింపితే సగం గొట్టాల మూతుల్లో నల్లటి బురద. ఎవరూ ఈల వెయ్యలేదు. మావే నా వీపు మీద చరిచి, "దామాద్ పాస్!" అని అరిచాడు.

ఆ రోజు నేను తప్పు చేయలేదు. ముందుగా ఆయనకే చెప్పాను, రాయమని ఆయనే అన్నాడు, అంకె నిజమైంది. తప్పు చేసినవాడికి క్షమించమని అడగడానికి ఒక మాట ఉంటుంది. లెక్క సరిగ్గా వేసినవాడు ఏమని అడగాలి? ఎందుకంటే ఆ తరవాత మావ మారిపోయాడు. ఉద్యోగం పోలేదు, ఎవరూ వేలెత్తి చూపలేదు. సూపర్‌వైజర్లు ఫోన్ చేసినప్పుడు "నంబర్‌వాలే కో భేజో," అని నన్నే పంపమనడం మొదలుపెట్టారు, అంతే. కానీ గేజీ చూసి "రెండంతస్తులు," అని తిరిగి చూడకుండా చెప్పేసే మనిషి, "రెండంతస్తులు... కదా?" అనడం మొదలుపెట్టాడు. ఆ 'కదా' నా మొహం చూస్తూ అనేవాడు. పైపు మీద చెయ్యి పెట్టి, ఏదో చెప్పబోయి, నా కాగితం వైపు చూసి చెయ్యి తీసేసేవాడు. చాక్‌పీసు నాకే ఇచ్చేసేవాడు. "నువ్వే రాయి అల్లుడూ, నాదేటి, ఉత్తి సెయ్యి."

నేను రాసేవాణ్ణి. ఈలలు నాకు పడేవి. ఆ ఈలలు నాకు బాగానే ఉండేవి, అది కూడా ఇక్కడ చెప్పాలి.

మధ్యమధ్య ఆయన వింత ప్రశ్నలు వేసేవాడు. "అల్లుడూ, ఆయాసం రెండింతలైతే నీళ్ళ జోరు ఎన్నింతలైనట్టు?" అని. నేను పని చేసుకుంటూ, ఒకటీ పాయింటు నాలుగు మావా, అనేసేవాణ్ణి. కాలక్షేపానికి అడుగుతున్నాడనుకున్నాను.

తరవాత నది అవతల ఒక రోలింగ్ మిల్లులో పని వచ్చింది. రెండు వందల గొట్టాల కూలర్. నీళ్ళు ఎప్పటిలాగే వస్తున్నాయి, అది నేను స్వయంగా చూసుకున్నాను. గేజీ చూస్తే ఆయాసం కొత్తలో ఉన్నదానికి సరిగ్గా రెండింతలు. నా లెక్కలో యాభై ఎనిమిది గొట్టాలు వచ్చాయి. మూత దగ్గరికి వెళ్తుంటే మావ నా భుజం పట్టుకున్నాడు.

"ఈ పాలి నేనూ రాత్తాను. ముందు నువ్వు రాయి."

"మావాజీ మళ్ళీ బరిలోకి!" అని వెల్డరు హిందీలో అరిచాడు. అందరూ చేరారు. మావ అప్పటికే గమ్చాతో చేతులు తుడుచుకుంటున్నాడు, భోజనానికి కూర్చోబోయేవాడిలా.

నాకు భయం వేసింది. రెండింతల ఆయాసం అంటే సగం గొట్టాలు అనుకుంటాడు, వంద రాస్తాడు, మళ్ళీ అందరి ముందూ ఓడిపోతాడు అనుకున్నాను. చాక్‌పీసు పట్టుకుని అక్కడికక్కడే ఇంకో లెక్క వేశాను. ఆయన వంద రాసి, లోపల యాభై ఎనిమిది ఉంటే, ఆయన నలభై రెండు దూరంలో ఉంటాడు. నేను అంతకంటే దూరం ఉండాలంటే పదహారు కంటే తక్కువ రాయాలి. పది రాశాను. అంత జాగ్రత్తగా లెక్క వేసి రాసిన తప్పు అంకె నా జీవితంలో ఇంకొకటి లేదు.

మావ ఆ పదిని చూశాడు. నన్ను చూశాడు.

"పదేటి?"

"పదే మావా."

ఆయన ముందుకొచ్చి గమ్చాతో ఆ అంకెని తుడిచేశాడు. "ఇంకోపాలి సూసుకో. సూసుకుని రాయి."

అప్పుడైనా అసలు అంకె రాసి ఉండవచ్చు. అంతమంది చూస్తుండగా మాట మార్చితే ఆయనకి అనుమానం వస్తుందనుకున్నాను. తుడిచిన చోటే మళ్ళీ పది వేశాను. మావ చాక్‌పీసు తీసుకుని, దాని కింద, పెద్దగా, తిన్నగా ఒక అంకె వేశాడు. అరవై.

మూత దిగింది. వెల్డరు వేలితో ఒక్కొక్క గొట్టం ముట్టుకుంటూ పైకి లెక్కపెట్టాడు. అరవై ఒకటి.

ఈలలే ఈలలు. వెల్డరు మావని నడుం పట్టుకుని పైకెత్తాడు. "నంబర్‌వాలే కా నంబర్ లగ్ గయా!" అని ఎవరో అంటే, నా అంకె గల్లంతయిందని మిల్లు అంతా నవ్వింది. సూపర్‌వైజరు జిలేబీలకి మనిషిని పంపాడు. వెల్డరు కిందికి దించాక మావ వేళ్ళకంటిన సుద్ద దులుపుకుంటూ నిలబడ్డాడు. అందరిలోనూ ఆయన ఒక్కడే నవ్వలేదు.

గేటు బయట టీ బండి దగ్గర మట్టి కప్పులు పట్టుకుని ఇద్దరమే నిలబడ్డాం.

"నిజంగా నీకు ఎంతొచ్చింది?"

"రాసిందే మావా."

"సూడు అల్లుడూ. నాకు లెక్కలో యాభై ఏడు వచ్చింది. మా మనవరాలి కాడ నేర్సుకున్నాను, ఆ గుంట తిట్టి తిట్టి నేర్పింది. మరో మూడు నా సెయ్యి కలిపింది. పైపు మీద సెయ్యి పెడితే నీళ్ళు గరగరలాడతన్నాయి, కొన్ని గొట్టాలు మూతి కాడే పట్టేసుంటాయని. ఆ మూడూ కలపొచ్చో కూడదో నాకు తెలీనేదు. కలిపీసేను." ఆయన టీ తాగడం లేదు. "నీ అసలు అంకె నాకంటే దగ్గరుంటే, నా సెయ్యి అబద్దం. నాకంటే దూరముంటే, నా సెయ్యి ఇంకా నిజమే సెప్తన్నాది. నాకదొక్కటే తెలవాలి. సెప్పు."

యాభై ఎనిమిది. ఆ మాట అనడానికి ఒక్క ఊపిరి చాలు. లోపల అరవై ఒకటి, నాది మూడు దూరం, ఆయనది ఒకటి. మూత దిగిన క్షణంలోనే నేను ఆ తీసివేత చేసుకున్నాను. ఎవరి దయా అక్కర్లేకుండా ఆయన నన్ను గెలిచాడు. అయితే యాభై ఎనిమిది అన్న మరుక్షణం ఆయన, మరి పదెందుకు రాసేవు, అని అడుగుతాడు. నువ్వు ఓడిపోతావనుకున్నాను, జాలిపడ్డాను అని ఎదురుగా నిలబడి చెప్పాలి.

"పదే వచ్చింది మావా. ఎక్కడో పొరపాటు పడ్డాను."

"నీకు?"

"నాకే."

ఆయన కప్పు నేలకేసి కొట్టాడు. తాగిన కప్పులు అక్కడ అందరూ అలాగే పగలగొడతారు కాబట్టి ఎవరూ తిరిగి చూడలేదు. ఆయన కప్పు నిండా టీ ఉంది.

"గుంటలాడుకుంతన్నప్పుడు, ఏడుత్తారని పెద్దోళ్ళు కావాలని ఓడిపోతారు సూడు. అలా సేసేవు నన్ను."

అంతకంటే ఏమీ అనలేదు. వ్యాను ఎక్కి ముందు సీట్లో కూర్చున్నాడు. అప్పటిదాకా ఎప్పుడూ నా పక్కనే కూర్చునేవాడు. తరవాత కొన్నాళ్ళకి మోకాళ్ళు నొప్పులని పనికి రావడం తగ్గించి, చివరికి మానేశాడు. మోకాళ్ళ నొప్పులు నిజమే, నేను వాకబు చేశాను. అంతా నా వల్లేనని చెప్పడానికి నాకు ఆధారం లేదు. కాదని చెప్పడానికీ లేదు.

మేం మాట్లాడుకోకుండా పోలేదు. సాక్చీలో చేపల దగ్గర కనిపిస్తే, "ఏటి అల్లుడూ, బావున్నావా?" అనేవాడు. క్రిస్మస్‌కి వాళ్ళింటికి వెళ్తే దగ్గర కూర్చోబెట్టుకుని కేకు తినిపించేవాడు. కూలర్ల మాట మాత్రం ఎత్తేవాడు కాదు. వెళ్ళిన ప్రతిసారీ ఈ సారి చెప్పేద్దామనే బయలుదేరేవాణ్ణి. ఇంటినిండా చుట్టాలున్నారనో, ఆయన ఒంట్లో నలతగా ఉందనో, ఇన్నాళ్ళకి ఎందుకనో తిరిగి వచ్చేసేవాణ్ణి. ఆరు అక్షరాల మాటకి సమయం చూసుకోవడమేమిటని మీరనవచ్చు. వాయిదా వేసిన కొద్దీ దాని బరువు పెరిగింది. ఎన్నింతలు పెరిగిందో నా దగ్గర పట్టిక లేదు.

మావ పోయాక వాళ్ళింట్లో ఆదరణ కూడిక పెట్టారు. పాస్టరుగారు ప్రార్థన ముగించి వెళ్ళాక, మావ భార్య నన్ను పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకుంది. నేను ఆవిడని అత్తా అంటాను. విశాఖపట్నం నుంచి వచ్చిన చుట్టాలకి నన్ను చూపించింది.

"ఈయనే లెక్కలాయన. మా ఆయన ఈయన్ని ఓడించేరని షాపోళ్ళందరూ సెప్తారు. ఆయనే ఒప్పుకునేవోరు కాదు. 'నేను గెలవనేదే, ఆడు ఒగ్గేసేడు, నా సెయ్యి ఎప్పుడో పోయింది' అనీవోరు. ఎంత సెప్పినా అదే మాట."

"నానా బోల్తే థే, ఝూఠీ జీత్ థీ," అంది గుమ్మం దగ్గర నిలబడ్డ మనవరాలు, తాతయ్య దాన్ని దొంగ గెలుపు అనేవాడని. ఇంటరు చదువుతోంది. వర్గమూలాలు నేర్పింది ఈ అమ్మాయే అయి ఉంటుంది.

అంతమందిలో నా నోట్లోంచి మాట వచ్చేసింది.

"దొంగ గెలుపు కాదు అత్తా. నేను కావాలనే తప్పు రాసిన మాట నిజమే. కానీ నా లెక్కలో నిజంగా వచ్చింది యాభై ఎనిమిది. మావ అరవై రాశాడు. లోపల ఉన్నవి అరవై ఒకటి. నేను నిజం రాసినా మావే గెలిచేవాడు. ఆయన చెయ్యి కలిపిన మూడూ సరైనవే."

అత్తకి వెంటనే అందలేదు. మనవరాలికి అందింది. పెదాలు కదుపుతూ ఆ మూడు అంకెలూ ఒకసారి అనుకుని, "మత్లబ్, నానా సచ్ మే జీతే థే?" అంది. నిజంగానే గెలిచాడా అని.

"అవునమ్మా, నిజంగానే."

ఆ అమ్మాయి వాళ్ళ అమ్మమ్మ పక్కన కూలబడి చెవిలో చెప్పింది. అత్త మొహం ఒక్కసారి విప్పారింది. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళతోనే నవ్వింది. రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుంది.

"ఈ మాట ఆయనకి సెప్పేవు కదా, బాబూ?"

నేను ఆవిడ చేతులకేసి చూస్తూ కూర్చున్నాను.

"సెప్పేవు కదా?" అంది ఆవిడ మళ్ళీ, ఇంకా నవ్వుతూనే.